ఆ ఫొటోల్లో లేనివాళ్లు

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినవాళ్లు గోల్డెన్‌ గేట్‌ వంతెన దగ్గర ఫొటో దిగుతారు. కేబుల్‌ కారెక్కి కొండలన్నీ తిరిగొస్తారు. సిలికాన్‌ వ్యాలీలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మన అమ్మానాన్నలైనా అంతే. కానీ విమానం ఎక్కకముందే చూడాల్సిన శాన్‌ఫ్రాన్సిస్కో మరొకటుంది... 1906లో కూలి, కాలి, బూడిదైపోయిన ఊరు!

ఆ భూకంపానికి వందేళ్లు నిండిన సందర్భంగా బర్కిలీలోని బాంక్రాఫ్ట్‌ లైబ్రరీ మరికొన్ని సంస్థలతో కలిసి పాత ఫొటోలనూ కాగితాలనూ ఇంటర్నెట్‌లో కొలువుదీర్చింది. సుమారు 14 వేల చిత్రాలు, 7 వేల పేజీల రాతలు. ఇంట్లో కూర్చునే ఆ ఊరి వీధులన్నీ చుట్టిరావచ్చు.

తెల్లవారుజామున 5:12

ఆ రోజు ఏప్రిల్‌ 18. ఊరింకా నిద్రలోనే ఉంది. భూమి ఒక్క నిమిషం ఊగింది, అంతే. భూకంప తీవ్రత 7.9 అని శాస్త్రవేత్తల అంచనా. ఆ వెంటనే మంటలు లేచాయి. ఆర్పుదామంటే నీటి గొట్టాలన్నీ పగిలిపోయాయి. మంటలకు అడ్డుకట్ట వేద్దామని డైనమైట్‌ పెట్టి ఇళ్లు పేలిస్తే, చాలాచోట్ల నిప్పు మరింత పాకింది. మూడు రోజులకు పైగా రగిలిన ఆ మంటల్లో ఊరు చాలావరకు కాలిపోయింది. మొత్తం 28 వేల భవనాలు నాశనమయ్యాయి. 4 లక్షల జనంలో సగం మందికి పైగా వీధిన పడ్డారు.

అప్పటికే చవక కెమెరాలు సామాన్యుల చేతికొచ్చాయి. అందుకే ఇన్ని ఫొటోలు! జార్జ్‌ లారెన్స్‌ అనే ఆయనైతే గాలిపటాల వరసకు కెమెరా కట్టి, 2 వేల అడుగుల ఎత్తు నుంచి శిథిల నగరం మొత్తాన్నీ ఒకే బొమ్మలో పట్టేశాడు.

లెక్కలోకి రాని ప్రాణాలు

ఇన్ని ఫొటోలున్నా అవి చెప్పలేని సంగతి ఒకటుంది. పోయినవాళ్లు ఎందరు? ఆనాటి అధికారులు ఐదొందల లోపే అన్నారు. ఊరు భూకంపాల గడ్డ అని పేరుపడితే పెట్టుబడులు రావని వ్యాపారుల భయం. పైగా బీమా నిప్పుకే వర్తిస్తుంది, భూకంపానికి కాదు. అందుకే అందరూ ‘అగ్నిప్రమాదం’ అన్న మాటే పట్టుకున్నారు.

నగర గ్రంథాలయంలో పనిచేసిన గ్లాడిస్‌ హాన్సెన్‌ 1960ల్లో మృతుల జాబితా కోసం వెతికితే, అసలు అలాంటి జాబితాయే లేదని తేలింది! ఆవిడ పట్టువదలకుండా ఏళ్ల తరబడి పేర్లు సేకరించారు. మృతులు 3 వేలకు పైనే ఉంటారని తేల్చారు. చివరికి 2005లో నగర పాలకమండలి పాత లెక్కను పక్కన పెడుతూ తీర్మానం చేసింది.

లెక్కకు దూరమైనవాళ్లలో చైనీయులు ఎక్కువ. వాళ్ల పేట పూర్తిగా కాలిపోయింది. శరణార్థులుగా కూడా వాళ్లను ఒకచోట ఉండనివ్వక శిబిరం మార్చి శిబిరానికి తిప్పారు. ఆ పేటనే ఊరి చివరికి తరిమేద్దామన్న ప్రయత్నమూ జరిగింది.

కాబట్టి ఈ ప్రదర్శనను బొమ్మల కొలువులా చూసి వదిలేస్తే సగమే చూసినట్టు. కెమెరా ఉన్నవాళ్లు తమ కంటికి ఆనినదే తీశారు. మిగతాది తెలియాలంటే ఉత్తరాలూ నివేదికలూ ఓపికగా చదవాలి. చదివితే తెలుస్తుంది, ఊరు కాలడం వేరు, ఊరి మనుషుల్ని మరిచిపోవడం వేరు అని.

వెళితే ఇవి చూడండి

మార్కెట్‌ వీధిలోని లొట్టా ఫౌంటెన్‌ దగ్గర ఏటా ఏప్రిల్‌ 18న సరిగ్గా ఆ వేళకే జనం చేరి మృతులను తలచుకుంటారు. చర్చ్‌ వీధి, 20వ వీధి కలిసేచోట ఓ ఫైర్‌ హైడ్రెంట్‌ ఉంది. ఆనాడు నీళ్లిచ్చి మిషన్‌ పేటను కాపాడింది అదే. కృతజ్ఞతగా దానికి ఏటా బంగారు రంగు వేస్తారు.

ఇక చైనా టౌన్‌. పర్యాటకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకునే ఆ పగోడా కప్పులు అనాది కాలంనాటివేం కావు. భూకంపం తర్వాత చైనా వ్యాపారులు కావాలనే అలా కట్టించారు. తరిమేద్దామనుకున్న ఊరే తమను చూసి మురిసిపోవాలని! వాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.