మీరేం పని చేస్తారు?

ఆసుపత్రి ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు ఉంటాయి. చాలాచోట్ల తండ్రి పేరో భర్త పేరో కూడా రాస్తారు. ఆ మనిషి రోజుకు ఎనిమిది గంటలో పది గంటలో ఏం చేస్తూ గడుపుతాడన్నది మాత్రం ఉండదు. ఆ ఖాళీ ఎంత పెద్దదో వైద్య కళాశాలలో నాకు ఎవరూ చెప్పలేదు. ప్రకాశం జిల్లా మెట్ట పల్లెల్లో ప్రాక్టీసు పెట్టాక అక్కడి కూలి ఆడవాళ్ల వల్ల తెలిసింది.

సంక్రాంతి దాటాక ఆ ప్రాంతంలో పొగాకు కోతలు ముమ్మరంగా ఉంటాయి. పొద్దు పొడవకముందే కూలీలు చేలో దిగుతారు. మంచుకు తడిసిన ఆకును కోసి చంకన ఇరికించుకుని, భుజాన వేసుకుని మోస్తారు. బ్యారన్ దగ్గర ఇంకొందరు ఆడవాళ్లు ఆ పచ్చి ఆకును కర్రలకు కడతారు. పది గంటలయ్యేసరికి చీర, రవిక ఆకు పసరుతో తడిసి ఒంటికి అంటుకుపోతాయి. ఆ రోజుల్లో సాయంత్రం అయ్యేసరికి నా దగ్గరికి ఒకే రకం బాధతో వరసగా వచ్చేవాళ్లు. తల తిరుగుడు, కడుపులో తిప్పుడు, వాంతులు, కాళ్లలో సత్తువ లేకపోవడం. "పైత్యం చేసిందయ్యా" అనేవాళ్లు.

ఒక సాయంత్రం ఒకామె కొత్త కోడల్ని వెంటబెట్టుకొచ్చింది. పిల్ల పొద్దుటి నుంచీ వాంతులు చేసుకుంటోంది. అత్తగారి ముఖంలో సంతోషం దాగడం లేదు. నెల తప్పిందనుకుని, ఆ మాట నా నోట వినడానికి వచ్చింది. పరీక్ష చేస్తే గర్భం లేదు. "మీకెలా ఉందమ్మా?" అని అత్తగారిని అడిగాను. "నాకూ కళ్లు తిరగతన్నాయయ్యా, పొద్దన్నించీ ఏమీ తినబుద్ధి కాలా" అంది. ఇద్దరూ ఒకే చేలో కోతకు పోతున్నారు. అదే చేలో పనిచేసే మామగారికి ఏమీ లేదు. ఆయన చుట్ట తాగుతాడు. నికోటిన్‌కు ఒళ్లు ఎప్పుడో అలవాటు పడింది.

పొగాకు ఆకు తడిగా ఉన్నప్పుడు అందులోని నికోటిన్ నీటిలో కరిగి చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. ఎన్నడూ చుట్ట ముట్టని ఆడపిల్ల కూడా ఆ విషాన్ని ఒళ్లంతా పూసుకున్నట్టే. మందు పెద్దగా అక్కర్లేదు. తడి బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడుక్కుని, నీళ్లు తాగి పడుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే మంచు ఆరాక కోతకు దిగాలి, చేతులకు తొడుగు వేసుకోవాలి, ఒంటి ముందు ప్లాస్టిక్ పట్టా కట్టుకోవాలి. ఈ మాటలు నేను ఆ అత్తాకోడళ్లకు చెప్పి లాభం లేదు. కోత ఎన్ని గంటలకు మొదలవ్వాలో చెప్పేది వాళ్లు కాదు, రైతు. అందుకని రైతును పిలిపించి మాట్లాడాను. కూలీలు సగం రోజుకే పడిపోతే నష్టం తనకేనని ఆయనకు త్వరగానే అర్థమైంది. ఆ చేలో కోత గంటన్నర ఆలస్యంగా మొదలైంది. సూదిమందు కన్నా ఆ గంటన్నర బాగా పనిచేసింది.

పని వల్ల వచ్చే జబ్బుల వైపు నా దారి మళ్లింది అక్కడే అనుకుంటాను. అయితే నన్ను పూర్తిగా కదిలించింది మార్కాపురం వైపు నుంచి వచ్చిన ఒక పలకల కార్మికుడు. మనలో చాలామంది అక్షరాలు దిద్దింది మార్కాపురం పలకల మీదే. ఆయనకు నలభై దాటి ఉండవు. గుమ్మం నుంచి కుర్చీ దాకా నడిచేసరికి ఆయాసంతో భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంతకుముందు వేరేచోట్ల రెండుసార్లు క్షయ మందులు పూర్తి కోర్సు వాడాడు. కళ్లెలో క్రిములు ఒక్కసారీ కనిపించలేదు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లోనూ చిన్నచిన్న గుండ్రటి మచ్చలు చల్లినట్టు ఉన్నాయి.

"ఏం పని చేస్తావయ్యా?" అన్నాను.

"పలకలు కోసే మిషన్ మీద సార్. పదిహేనేళ్ల వయసు నించీ."

"దుమ్ము వస్తుందా?"

"దుమ్మేగా సార్. సాయంత్రం బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే పోద్ది."

ఈ బెల్లం మాట తర్వాత సిమెంటు, క్రషర్, పత్తి జిన్నింగ్ మిల్లుల్లో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. కొన్నిచోట్ల యజమానులే పంచిపెడతారు. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. రెంటికీ దారులు వేరు. పైగా కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. అసలు ప్రమాదం అయిదు మైక్రాన్ల కన్నా చిన్న రేణువులతో. అవి గాలి గదుల దాకా వెళ్తాయి. వాటిని మింగడానికి వచ్చిన రక్షక కణాలు ఆ సిలికా దెబ్బకు చచ్చిపోతాయి. చచ్చినచోట మచ్చ కడుతుంది, మచ్చ గట్టిపడుతుంది. పని మానేశాక కూడా ఆ మచ్చలు పెరగవచ్చు. ఇదే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. సిలికా పేరుకున్న ఊపిరితిత్తికి క్షయ సోకే ముప్పు ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష తప్పకుండా చేయాల్సిందే. చేసి, క్రిములు లేవని తేలాక పని గురించి ఎవరూ అడగకపోవడమే ఆయనకు జరిగిన అన్యాయం.

ఆయనకు నేను చేయగలిగింది తక్కువ. ఆయాసం తగ్గించే మందులు, పని మార్చుకోమన్న సలహా. నష్టపరిహారం సంగతి చూద్దామని 1923 నాటి పరిహార చట్టం తిరగేశాను. సిలికా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు అందులో చోటుండేది. కానీ తాను ఆ మిల్లులో పనిచేశానని ఆయన చూపించాలి. వారం వారం మేస్త్రీ చేతికిచ్చిన కూలికి రసీదు ఎక్కడిది? హాజరు చీటీ లేదు, గుర్తింపు కార్డు లేదు. వెతగ్గా దొరికింది పాత ఆసుపత్రి కాగితం ఒకటి. దాని మూల ఎవరో డాక్టరు "పలకల కోత" అని రెండు మాటలు రాసిపెట్టాడు. అంతటి బతుక్కి సాక్ష్యంగా మిగిలింది ఆ రెండు మాటలే. ఆనాటి నుంచి ప్రతి రోగి కాగితం మీదా పని, చేసిన ఏళ్లు, వాడిన వస్తువులు రాయడం మొదలుపెట్టాను. అప్పుడున్నదే కాదు, అంతకుముందు చేసిన పనులు కూడా. ఇరవై ఏళ్ల నాటి దుమ్ము ఇవాళ దగ్గులో బయటపడవచ్చు.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ఇటలీలోని మొదెనాలో వైద్యం చేసిన బెర్నార్దినో రమజ్జిని 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బులపై ఒక గ్రంథం వెలువరించాడు. మరుగుదొడ్ల గుంతలు శుభ్రం చేసేవాళ్ల కళ్ల జబ్బు చూసి ఆయన ఆ శోధనలో పడ్డాడు. రోగిని అడగవలసిన పాత ప్రశ్నల జాబితాకు "నీ వృత్తి ఏమిటి?" అన్నది చేర్చింది ఆయనే. మూడు వందల ఏళ్లు దాటినా మన ఓపీల్లో ఆ ప్రశ్న పడటం లేదు.

క్లినిక్ మూసి ఏ.ఎఫ్.ఐ.హెచ్. కోర్సుకు వెళ్తున్నానంటే తోటి డాక్టర్లు ఆశ్చర్యపోయారు. కేంద్ర కార్మిక శాఖ కింద నడిచే, మూడు నెలల పారిశ్రామిక ఆరోగ్య కోర్సు అది. "నడుస్తున్న ప్రాక్టీసు వదిలి కంపెనీ డాక్టరుగా పోతావా?" అన్నారు. వాళ్ల అనుమానం నాకు తెలుసు. కంపెనీ జీతం తీసుకునే డాక్టరు కంపెనీ మనిషే అవుతాడని. ఆ అనుమానం సగం న్యాయమైనదే. కానీ 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాల్లో చేరేముందూ, చేరాక నిర్ణీత కాలానికీ వైద్య పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ ఆరోగ్య రికార్డులు కార్మికుడికి అందుబాటులో ఉండాలని కూడా చెప్పింది. గేటు లోపల ఆ చట్టాన్ని నిజంగా పట్టించుకునే డాక్టరు ఒకడు ఉండాలనుకున్నాను.

హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కర్మాగారంలో పనిచేసినప్పటి కేసు ఇది. వార్షిక పరీక్షకు వచ్చిన పాతికేళ్లలోపు కుర్రాడు చొక్కా విప్పనన్నాడు. బీపీ చేతికి చూసుకోండి సార్, గుండె చొక్కా మీదనే వినండి సార్ అన్నాడు. గదిలో ఉన్న నర్సును బయటికి పంపి, తలుపు వేసి కూర్చోబెట్టాను. చాలాసేపటికి చెప్పాడు. ఛాతీ ఆడపిల్లలకు పెరిగినట్టు పెరుగుతోంది, ముట్టుకుంటే నొప్పి. ఇంట్లో పెళ్లి చూపులు నడుస్తున్నాయి. ఏ పాపం చేశానో అని గుళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. అమ్మకు కూడా చెప్పలేదు.

అతను ఈస్ట్రోజెన్ హార్మోను పొడిని మరపట్టి డబ్బాల్లో నింపే విభాగంలో పనిచేస్తున్నాడు. ఇలాంటి హార్మోన్లు మైక్రోగ్రాముల్లోనే ఒంటి మీద పనిచేస్తాయి. చేతిమీద పడ్డ పొడి, మాస్కు అంచు నుంచి లోపలికి వచ్చిన గాలి చాలు. ఆ గదిలో ఎండాకాలం ఉక్కపోతకు చెమటలు పట్టి మాస్కు జారిపోతుంది, జారిన మాస్కును పొడి అంటిన చేతులతోనే సర్దుకుంటారు. "నీ తప్పు కాదు బాబూ, నీ పని వల్ల వచ్చింది. తొందరగా పట్టుకున్నాం, తగ్గే అవకాశం ఎక్కువ" అన్నాను. అతను ఏడ్చాడు. తర్వాత అదే విభాగం మనుషుల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగితే ఇంకొందరు బయటపడ్డారు. అందరూ పక్కవాడికి తెలియకుండా దాచుకుంటున్నవాళ్లే.

యాజమాన్యం మొదట చెప్పిన పరిష్కారం మనుషుల్ని నెలనెలా మార్చడం. నేను ఒప్పుకోలేదు. దానివల్ల విషం తగ్గదు, ఇంకా ఎక్కువమందికి పంచిపెట్టినట్టు అవుతుంది. పొడి బయటికే రాకుండా చూడటం మొదటిది. మూసిన గొట్టాల ద్వారా ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకు పంపాలి, పొడి లేచేచోటే గాలిని లాగేయాలి. ఆ తర్వాతే శుభ్రమైన గాలి అందే సూట్లు, పని దిగాక స్నానం, ఇంటికి వేరే బట్టలు. మాస్కు అన్నిటికన్నా చివరిది. మన కర్మాగారాల్లో ఈ వరస తలకిందులుగా ఉంటుంది. ముందు మాస్కు ఇస్తారు, పెట్టుకోలేదని జరిమానా వేస్తారు. ఆ విభాగాన్ని మార్చడానికి ఏడాదిపైనే పట్టింది. ఇంజనీరింగ్ విభాగంలో ఒక పెద్దాయన నా పక్కన నిలబడకపోతే అదీ జరిగేది కాదు.

ఆ మధ్యలో సిబ్బంది వ్యవహారాల ఆఫీసు నుంచి ఆ కుర్రాళ్ల ఫైళ్లు పంపమని అడిగారు. పంపలేదు. ఆ పనికి పనికొస్తాడా, రాడా, ఏ జాగ్రత్తలతో వస్తాడా అన్నంతవరకే యజమానికి చెప్పాలి. జబ్బు పేరు రోగిది. వృత్తి వైద్యుల అంతర్జాతీయ నీతి నియమావళి చెప్పేదీ అదే. ఈ ఒక్క విషయంలో మెత్తబడితే మర్నాటి నుంచి ఎవడూ చొక్కా విప్పడు. జబ్బు బయటపడితే ఉద్యోగం పోతుందన్న భయం దగ్గును, తిమ్మిరిని, చెవుడును అన్నిటినీ దాచేస్తుంది.

చెవుడు అంటే గుర్తొచ్చింది. మన నిబంధనల్లో ఎనిమిది గంటలకు పరిమితి 90 డెసిబెల్స్. అది 95 అయితే నాలుగు గంటలే, 100 అయితే రెండే. శబ్దం వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మాటలు మామూలుగానే వినిపిస్తాయి కాబట్టి మనిషికి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఆడియోమెట్రీ గ్రాఫులో ఆ పల్లాన్ని ముందే పట్టుకోవడం మా పనిలో చిన్నదే కానీ విలువైన భాగం.

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు నుంచి వచ్చిన ఒకతను కడుపునొప్పితో ఎన్నో ఆసుపత్రులు తిరిగాడు. చిగుళ్ల అంచున నల్లటి నీలపు గీత ఉంది, రక్తం తక్కువగా ఉంది. రక్తంలో సీసం ఉందని పరీక్షలో తేలాక, ఆయన బట్టలు ఎవరు ఉతుకుతారని అడిగాను. భార్య. ఆ బట్టలతోనే ఆయన చంటిపిల్లను ఎత్తుకుంటాడు. పిల్ల రక్తంలోనూ సీసం ఉంది. వృత్తి జబ్బు గేటు దగ్గర ఆగదని పుస్తకంలో చదవడం వేరు, ఆ తల్లికి రిపోర్టు చదివి చెప్పడం వేరు.

ఇలాంటి రోగం చూసిన డాక్టరు, ప్రైవేటు ప్రాక్టీసులో ఉన్నా సరే, కర్మాగారాల ప్రధాన తనిఖీ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ చెప్పింది. దాని మూడో షెడ్యూల్లో సీసం విషం, సిలికోసిస్ సహా 29 జబ్బులుండేవి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఆ బాధ్యతను నిలిపింది. నాకు తెలిసిన డాక్టర్లలో చాలామంది ఈ సెక్షన్ పేరే వినలేదు. ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో ఒక్క పూట దీనిమీద పెట్టి, నివేదిక ఎలా రాయాలో చేయించి చూపిస్తే చాలు.

నన్ను ఇంకా వేధించేది గేటు లేని పని. మిరప, పత్తి చేలల్లో పురుగుమందు కొట్టే మనుషులకు ఫ్యాక్టరీల చట్టం వర్తించేది కాదు. ఎండలో గాలికి ఎదురు నడుస్తూ, లుంగీ బనీనుతో ట్యాంకు మోస్తారు. సాయంత్రం పడిపోతే వడదెబ్బ అంటారు. కానీ కంటిపాప సూదిమొనంత ఉంటుంది, ఒళ్లంతా చెమట, నోట్లో నురగ. ఆ గుర్తులు చూసి వెంటనే అట్రోపిన్ ఎక్కిస్తే బతుకుతారు. పల్లె ప్రాక్టీసులో అలా చాలామందిని చూశాను.

ఇప్పుడు సెలవుల్లో పాత ఊళ్లకు వెళ్లి, సీజను మొదలవ్వకముందే మందు కొట్టేవాళ్ల రక్తంలో, పురుగుమందు దెబ్బకు పడిపోయే కోలినెస్టరేజ్ అనే ఎంజైము స్థాయికి పరీక్ష చేయిస్తున్నాను. సీజను మధ్యలో మళ్లీ చూస్తాం. తన మామూలు స్థాయి నుంచి బాగా పడిపోయినవాడు కొన్ని వారాలు మందు జోలికి పోకూడదు. కర్మాగారంలో అయితే నేను ఆ మాట కాగితం మీద రాస్తే వేరే పనికి మారుస్తారు, జీతం ఆగదు. చేలో నా కాగితం వల్ల అతని కూలి పోతుంది. పోయిన సీజనులో కొందరు నా మాట విని ఆగారు. మిగతావాళ్లు మర్నాడే ట్యాంకు భుజాన వేసుకున్నారు, వాళ్లను తప్పుపట్టలేను. ఆగినవాళ్లకు కలుపుతీత, కాయకోత వంటి వేరే పని అదే కూలికి ఇవ్వమని రైతులను అడుగుతున్నాం. ఒక ఊళ్లో మాత్రం ఒప్పుకున్నారు. రెండో ఊరి రైతులు ఈసారి కాయ ధర చూసి చెబుతామన్నారు.