మేకు లేని చెప్పు

మడమ నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు తరచూ వినే మాట ఒకటుంది: "ఎంసీఆర్ చెప్పులు కొనుక్కోండి." షుగరున్నవాళ్లకైతే అది మందుల చీటీలో రాసినంత పని. చిత్తూరులో మా వీధి చివర చెప్పుల షాపులో కూడా అవి నలుపు, గోధుమ రంగుల్లో వేలాడుతుంటాయి. తొక్కితే మెత్తగా దిగి, కాలు తీయగానే పైకి లేచే ఆ స్పాంజి రబ్బరు మన ఇళ్లలోకి రాకముందు ఎవరి కాళ్ల కింద ఉండేదో కొన్నవాళ్లకీ తెలియదు, అమ్మేవాళ్లకీ తెలియదు. స్పర్శ పోయిన కుష్ఠు రోగుల పాదాల కోసం ఆరేడు దశాబ్దాల కిందట వేలూరు, కరిగిరి డాక్టర్లూ చెప్పులు చేసేవాళ్లూ కలిసి ఆ రబ్బరుతో కుస్తీ పట్టారు. ఆ పని నడిచే చోటు చూద్దామని కరిగిరి వెళ్లాను.

చిత్తూరు నుంచి కాట్పాడి ఎంతో దూరం లేదు. అక్కడ దిగి ఆటో అతనితో "కరిగిరి ఆస్పత్రి" అంటే చాలు, ఇంకేమీ అడగడు. బోర్డు మీద పేరు పెద్దది, షీఫెలిన్ అనే అమెరికన్ దాత పేరుతో మొదలవుతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి మాత్రం అది కరిగిరే. 1955లో మొదలైనప్పుడు ఇది రాళ్లు తేలిన మెట్ట. జనం ఇష్టపడని రోగానికి జనం ఇష్టపడని నేల కేటాయించడం అన్నిచోట్లా ఉన్న ఆచారమే. ఇక్కడ పనిచేసిన సర్జన్ ఎర్నెస్ట్ ఫ్రిట్చి ఒకపక్క వంకర పోయిన వేళ్లు సరిచేస్తూ, ఇంకోపక్క మొక్కలు నాటించారు. ఇప్పుడు గేటు దాటితే వేపలూ చింతలూ కలిసి ఎండని దాదాపు నేల మీద పడనివ్వవు.

చెప్పులు చేసే గదిలో గమ్ము వాసన, అరగదీసే మిషను మోత. బల్ల మీద రబ్బరు షీట్లు, పక్కన తోలు పట్టీలు, కత్తెరలు, కాగితాల కట్ట. కాగితాల మీద పెన్సిలుతో గీసిన పాదాలు. ఏ రెండూ ఒకలా లేవు. ఒకదానికి వేళ్లు లేవు, ఒకటి లోపలికి ఒరిగింది, ఇంకొకటి మధ్యలో పడవ అడుగులా ఉబ్బింది. నన్ను చూసి మిషను ఆపిన పెద్దాయన తమిళంలో పలకరించి, నా తమిళం విని నవ్వి, తెలుగులోకి వచ్చేశాడు. వాళ్లది గుడియాత్తం పక్క, ఇంట్లో తెలుగే.

అప్పటికే బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. పలమనేరు వైపు నుంచి వచ్చింది. కుష్ఠు ఎప్పుడో నయమైపోయింది, మాత్రలు మింగడం కూడా పాత సంగతి. క్రిమి చస్తుంది గాని, అది తినేసిన నరం తిరిగి రాదు. అందుకే ఆమె అరికాళ్లకి ఇప్పుడు రాయీ మెత్తటి గడ్డీ ఒకటే.

"ఏమ్మా, పాత జత ఏది?"

"ఇంట్లోనే పెట్టుండానన్నా. పండక్కి ఏసుకుందామని."

"పండక్కి ఏసుకునేది చీర. ఇది దినామూ ఏసుకోవాల."

ఆయన కింద కూర్చుని ఆమె కుడి పాదాన్ని తన మోకాలి మీదికి తీసుకున్నాడు. ముందు కొలత తీస్తాడేమో అనుకున్నాను. తన అరచేతిని తిప్పి, వెనక వైపుతో పాదమంతా మెల్లగా తడిమాడు. మడమ, మధ్యభాగం, బొటనవేలి మొదలు. అక్కడ ఆగాడు. మళ్లీ ఎడమ పాదంలో అదే చోట పెట్టి చూశాడు.

"ఇక్కడ కాలతా ఉంది."

"నాకేం తెలీలేదన్నా."

"నీకు తెలీదనే గదమ్మా మేముండేది."

పాదంలో ఒకేచోట ఎక్కువ బరువు పడుతుంటే, చర్మం పగలకముందే లోపల వాపు మొదలవుతుంది. ఆ చోటు మిగతా పాదం కంటే వెచ్చగా ఉంటుంది. మనకైతే నొప్పి చెబుతుంది, మనం తెలియకుండానే కుంటుతాం, బరువు ఇంకో కాలి మీదికి మారుస్తాం. ఆమెకి ఆ వార్త అందదు. పుండు పడి, చీము పట్టి, ఎముక దాకా వెళ్లాకే కంటికి కనిపిస్తుంది. కనక ఆమె నరాలు చేయాల్సిన పని ఈయన చెయ్యి చేస్తోంది.

తరవాత కాగితం పరిచి నిలబడమన్నాడు. పెన్సిలుని నిట్టనిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీశాడు. పెన్సిలు కాస్త లోపలికి వాలినా చెప్పు ఇరుకైపోతుందట. వేడిగా ఉన్న చోట చిన్న సున్నా చుట్టాడు. ఆ సున్నా దగ్గర బరువు తక్కువ పడేలా రబ్బరు మలచాలి. పైన మెత్తటి స్పాంజి రబ్బరు, కింద ముల్లు దిగనివ్వని గట్టి రబ్బరు, రెంటినీ కలిపేది గమ్ము, కుట్టు. ఎక్కడా మేకు ఉండదు. మన చెప్పులో మేకు లేస్తే పది అడుగుల్లో తెలుస్తుంది. ఆమె దాని మీదే పలమనేరు దాకా నడుస్తుంది. మడమ వెనక పట్టీ తప్పనిసరి, ఎందుకంటే చెప్పు జారిపోయినా తెలియదు, ఒంటికాలి చెప్పుతో సంత తిరిగి వచ్చినవాళ్లున్నారట. బకిల్సు బదులు అంటించే పట్టీలు, వంకర వేళ్లకి అవి సులువు. ఇంత ఆలోచించి చేసిన చెప్పు చూడ్డానికి మామూలు చెప్పులాగే ఉండాలి. అదీ ఒక కొలతే. "కుష్ఠు చెప్పు" అని ఊళ్లో గుర్తుపడితే ఆమె దాన్ని మళ్లీ అటక మీద పెడుతుంది.

ఈ జ్ఞానమంతా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే పాల్ బ్రాండ్ దగ్గరికి వెళ్లాలి. కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకి 1914లో పుట్టాడు. డాక్టరు చదువుకి ముందు వడ్రంగం, భవన నిర్మాణం నేర్చుకున్నాడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకి సర్జన్‌గా వచ్చాడు. మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమం చూడబోయి, వేళ్లు ముడుచుకుపోయిన ఒక రోగితో చెయ్యి కలిపాడు. ఆ పట్టుకి ఈయన చెయ్యే నొప్పిపుట్టింది. చచ్చిపోయిందనుకున్న చేతిలో అంత బలం ఎక్కడిది? కొన్ని కండరాలు మంచిగానే ఉన్నాయన్నమాట. మంచి కండరం తాలూకు స్నాయువుని చచ్చుబడిన వేలికి మళ్లిస్తే ఆ చెయ్యి తెరుచుకుంటుంది. 1948 నుంచి వేలూరులో ఆ ఆపరేషన్లు మొదలయ్యాయి. కుష్ఠులో వేళ్లు కుళ్లి వాటంతటవే రాలిపోతాయని అప్పటిదాకా డాక్టర్లలోనూ చాలామంది నమ్మకం. రోగుల వెంట తిరిగి, వాళ్లు వంట చేస్తుంటే, తాళం తీస్తుంటే, నిద్రపోతుంటే గమనించి అది తప్పని తేల్చారు. వేలు పోవడానికి కారణం కాలిన కుండ, మొండి తాళంచెవి, రాత్రిళ్లు వచ్చి కొరికే ఎలుక. ఎలుకలకి విరుగుడుగా రోగులకి పిల్లుల్ని ఇచ్చిన ఆస్పత్రి ఇంకొకటి ఉందో లేదో.

నాకు ఆ కథలో అన్నిటికన్నా నచ్చేది వాళ్లకి తగిలిన ఎదురుదెబ్బ. చేతులు బాగయి వెళ్లిన కొందరు తిరిగొచ్చి, ఈ చేతులతో అడుక్కోవడానికి లేదు, ఎవరూ పైసా వేయడం లేదు, పని ఇచ్చేవాడూ లేడు అని మొరపెట్టుకున్నారు. ఆపరేషన్ బల్ల దగ్గర సేవ అయిపోయిందనుకున్నవాళ్లకి అది చెంపదెబ్బే. అప్పుడే నవజీవ నిలయం అని ఒక చిన్న ఊరులాంటిది కట్టి, వడ్రంగం లాంటి పనులు నేర్పడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. ఆమె సంగతి వేరే వ్యాసమే రాయాలి.

కుష్ఠు రోగుల సేవ అంటే మన దేశంలో చాలాకాలం మిషన్ల పనే. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915 ప్రాంతంలో మొదలుపెట్టిన ఆస్పత్రి తెలుగువాళ్లకి తెలిసిందే. తిండి, గూడు, కట్టు, ప్రార్థన. తరిమేసిన మనిషికి అది చిన్న విషయం కాదు, ఆ రోజుల్లో ఇంకెవరూ ఆ మాత్రమూ చేయలేదు. కానీ కట్టు కట్టిన పుండు నెల తిరక్కముందే మళ్లీ అదే చోట లేచేది. కట్టేవాళ్ల ప్రేమలో లోపం లేదు. పుండు ఎందుకు వస్తోందన్నది ఎవరూ అడగలేదు, అంతే. కరిగిరి, వేలూరు చేసింది ఆ ప్రశ్న అడగడం. క్రైస్తవ ప్రేమ అనగానే మనకి కన్నీళ్లు, కౌగిలింతలు గుర్తొస్తాయి. నేను ఆ గదిలో చూసినది పెన్సిలు నిలువుగా పట్టుకోవాలన్న పట్టుదల. నన్నడిగితే సేవలో కష్టమైన భాగం అదే. జాలి ఒక్క పూటలో కలుగుతుంది, ఈ పని నేర్చుకోడానికి ఏళ్లు పడుతుంది.

పక్క వరండాలో పాదాలు నానబెట్టుకునే చోటు. తొట్టెల్లో మామూలు నీళ్లు, అందులో కాళ్లు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఇరవై నిమిషాలు నానాక గరుకు రాయితో మొద్దు చర్మం రుద్ది తీస్తారు, తడి ఆరకముందే నూనె రాస్తారు. చెమట నరాలు కూడా పోవడంతో ఈ పాదాలు ఎండిన చెరువులా బీటలిస్తాయి, ఆ బీటల్లోంచే పుండు మొదలు. శిష్యుల కాళ్లు కడిగిన యేసు గుర్తుకు రాకుండా ఉంటాడా? పెద్దాయనతో అదే అన్నాను.

"ఆ వాక్యం అయ్యగారు చెప్తారు సార్. నాకు గుర్తొచ్చేది గమ్ము ఆరిందా లేదా అని."

ఆయన క్రైస్తవుడో కాదో నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇది క్రైస్తవ సంస్థ, ఆ సంగతి దాచుకోదు. సేవ పేరుతో మతం మారుస్తారన్న మాట మన దగ్గర ఎప్పుడూ ఉండేదే కనక బెంచీ మీద ఆమెని అడిగాను. నుదుట కుంకుమ, మెడలో పసుపుతాడు. "చెప్పులు ఇస్తారు, తిడతారు కూడా. పూజ సంగతి ఎవురూ అడగలా" అంది. ఒకరి మాటతో అన్ని సంస్థలకీ కితాబు ఇవ్వను గాని, ఆ మాట ఇక్కడ రాయకపోవడం న్యాయం కాదు.

ఆ గదిలో ఇంకొకటి కూడా తోచింది. చెప్పులు కుట్టే పనిని అంటరాని పనిగా చూసిన దేశం మనది. పెద్దరోగం వచ్చినవాణ్ణి ఊరి బయట పెట్టిన దేశమూ మనదే. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘానికి ఆదిలో నిలబడిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. తెలుగు క్రైస్తవంలో తోలు పనివాళ్ల చరిత్ర అంత పాతది. సర్జన్ పేరు పుస్తకాల్లో ఉంటుంది, చెప్పు చేసినవాడి పేరు ఉండదు. సర్జను సరిచేసిన పాదాన్ని మిగిలిన జీవితమంతా కాపాడేది మాత్రం ఈయన చేసిన జతే. మిషన్ల చరిత్ర రాసేవాళ్లు ఈ గదికి ఒక అధ్యాయం బాకీ ఉన్నారు.

కాళ్లకి షుగరు దెబ్బ తగిలినవాళ్లు కూడా ఇప్పుడు ఇలాంటి చెప్పులే వేసుకుంటున్నారు. షుగరు కూడా అరికాలి నరాల్నే తింటుంది కదా. 1966లో బ్రాండ్ అమెరికాలో కార్విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్లి, ఇక్కడ నేర్చుకున్నదాన్ని అక్కడి షుగరు రోగుల పాదాలకి పనికొచ్చేలా చేశాడు. ఊరి బయట పెట్టిన రోగుల కాళ్ల మీద నేర్చిన పాఠం ఊరిలోని పెద్దమనుషుల కాళ్లు కాపాడుతోంది. ఆ రుణం ఎవరూ ఒప్పుకున్నట్టు లేదు.

దేశంలో కుష్ఠు పది వేల మందిలో ఒకరికన్నా తక్కువకి వచ్చిందని 2005 చివర్లో ప్రకటించారు. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం 2016లో పోయింది. కుష్ఠుని విడాకులకి కారణంగా చూపే వీలు 2019లో రద్దయింది. అయినా ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త రోగుల్లో సగానికి పైగా మనవాళ్లే. స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది. నరం చచ్చేదాకా ఆగకపోతే ఈ చెప్పుల గదితో పనే పడదు.

ఇక డిసెంబరు రాగానే దుప్పట్లు, పళ్లు, కెమెరా పట్టుకుని కుష్ఠు కాలనీలకి వెళ్లే మన సంఘాలవాళ్లకి ఒక మాట. దుప్పట్లు ఆ ఇళ్లలో ఇప్పటికే కట్టలు కట్టి ఉన్నాయి. ఈసారి ముందుగా ఒక కాగితాల కట్ట, పెన్సిలు, పాదం చూడ్డం తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. అందరి కాళ్లూ కొలిపించి, చెప్పులు చేయించి ఇవ్వండి. ఆరు నెలలకి మళ్లీ వెళ్లండి, ఎందుకంటే అప్పటికి అవి అరిగిపోతాయి.