నాలుగో ఆటగాడు ఎవరు?

మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలున్నారా? వాళ్ళ చేతికి ఫోను అందుతోందా? అయితే పొయ్యి మీద పప్పుంటే మంట తగ్గించి వచ్చి, కాసేపు ఇలా కూర్చోండి. మీతో ఓ మాట చెప్పాలి.

మాది తెనాలి. మా చెల్లెల్ని రేపల్లె ఇచ్చారు, మా ఆడపడుచుని బాపట్ల ఇచ్చారు. మా చిన్నప్పుడు సెలవులివ్వగానే రైలెక్కి చుట్టాలిళ్ళకి పోయేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి రైలుతో పనిలేదు. సాయంత్రం అయిదు కొట్టేసరికి మావాడు తెనాలిలో, చెల్లెలి కొడుకు రేపల్లెలో, ఆడపడుచు కూతురు బాపట్లలో తలో ఫోను పట్టుకుని ఒకే ఆటలో కలుసుకుంటారు. వందమంది ఓ దీవిలో దిగి, చివరికి ఎవరు మిగులుతారా అని పోరాడే ఆట. నలుగురు కలిసి ఒక జట్టు.

ఎండనపడి తిరక్కుండా ఇంటిపట్టున ఆడుకుంటున్నారు కదా అని సంతోషించాను. జట్టుకి నలుగురు కావాలి, మావాళ్ళు ముగ్గురే, మరి ఆ నాలుగోవాడెవడు? కూరల బండి దగ్గర రూపాయి తేడా వస్తే పట్టేసే నాకు ఈ లెక్క మాత్రం తట్టలేదు చూడండి!

క్రిందటి వేసవిలో ఆవకాయ పెడుతున్న రోజు. ముక్కలు తుడవమని మావాణ్ణి కూర్చోబెట్టాను. చేతులు ఖాళీలేక వాడు ఫోను గోడకి ఆనించి స్పీకరు పెట్టాడు. అందులోంచి ఓ గొంతు వినిపించింది. పిల్లాడి గొంతు కాదు, మీసాలొచ్చిన మగాడి గొంతు. "బాపట్ల పాప నాలుగు రోజులుగా రావట్లేదేంరా? నా మెసేజికి జవాబివ్వమని చెప్పు" అంటున్నాడు.

"ఎవర్రా అతను?" అన్నాను.

"మా టీములో అన్నయ్యమ్మా."

"ఏ ఊరు? ఎవరి తాలూకు?"

వాడికి తెలీదు. ఆటలో పెట్టుకున్న పేరు తప్ప అసలు పేరే తెలీదు. రెండు నెలలుగా రోజూ కబుర్లు మాత్రం చెప్పుకుంటున్నారు!

మర్నాడు పొద్దున్నే బాపట్ల వెళ్ళాను. ఆ పిల్లకి పన్నెండేళ్ళు. నలుగురిలో అడక్కుండా, తలకి నూనె రాసి జడ వేస్తూ నెమ్మదిగా కదిపాను. కాసేపు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, ఆ తర్వాత ఒక్కసారిగా ఏడ్చేసింది. ఆ "అన్నయ్య" మొదట ఆటలో బొమ్మకి వేసే కొత్త డ్రెస్సు కొనిపెట్టాడట. తర్వాత ఫోను నంబరడిగాడు. వాళ్ళమ్మ నంబరే ఇచ్చింది. అమ్మ ఎప్పుడు పడుకుంటుందో అడిగాడు. వచ్చిన మెసేజిలు చదవగానే తుడిచెయ్యమన్నాడు. చివరికి ఫొటో పంపమన్నాడు. ఇది భయపడి పంపననేసరికి వాడేమన్నాడో తెలుసా? "సరే, నాతో మాట్లాడుతున్నావని మీ అమ్మకి చెప్పేస్తా" అన్నాడట.

గమనించారా? వాడు బెదిరించింది కత్తితో కాదు, మన పేరు చెప్పి! "ఎందుకు చెప్పలేదే?" అంటే, "చెబితే అమ్మ ఫోను లాక్కుంటుందత్తా, కొడుతుంది" అంది. పిల్ల వాడికంటే మనకే ఎక్కువ భయపడింది. ఆ భయమే వాడికి పెట్టుబడి.

మా ఆడపడుచు ఆవేశంలో, మిగిలిన మెసేజిలన్నీ చెరిపేసి నంబరు బ్లాక్ చేసేసింది. అదే పొరపాటైంది. కంప్లయింటు ఇవ్వబోతే చూపించడానికి మా దగ్గర మిగిలింది కాస్తే. వాడెవడో ఇంకా తేలలేదు. మీకా పరిస్థితి రాకూడదు గానీ, వస్తే ముందు మెసేజిలూ, నంబరూ, ఆటలో వాడి పేరూ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. బ్లాక్ చెయ్యడం ఆ తర్వాత. పిల్లల ఆపదకి 1098, డబ్బు మోసానికి 1930 నంబర్లున్నాయి. డబ్బు పోతే ఎంత త్వరగా చెబితే అంత మంచిది. పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లల జోలికొచ్చే ఇలాంటివాళ్ళ కోసం 2012 నాటి పోక్సో చట్టం ఉంది. మాట్లాడింది ఫోనులోనే కదా అని ఊరుకోవద్దు.

"ఫోను లాక్కుంటే పీడా పోతుందిగా" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. పిల్లలు ఆడ్డం మానేశారా? వేరే ఆటలకి మళ్ళారు. 2021 జూలైలో అదే తరహా ఆట బీజీఎంఐ పేరుతో మళ్ళీ వచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటల్నే నిషేధించింది తప్ప ఇలాంటివాటిని కాదు. మనం లాక్కుంటే స్నేహితుడి ఫోనులో ఆడతారు. అప్పుడు ఆ గొంతు మన చెవిన కూడా పడదు.

అందుకని మూడిళ్ళవాళ్ళం ఓ కట్టుబాటు పెట్టుకున్నాం. ఆట హాల్లోనే. గదిలో తలుపేసుకుని కాదు, దుప్పట్లో అసలే కాదు. ఇయర్‌ఫోన్లు లేవు, మాటలు స్పీకర్లోనే. జట్టులోకి కొత్తవాళ్ళని దానంతటదే చేర్చకుండా ఆపే వీలు చాలా ఆటల్లో ఉంటుంది. పిల్లల్నే అడిగితే చిటికెలో చూపిస్తారు. అసలు పేరు, బడి, ఊరు, నంబరు, ఫొటో ఎవరికీ ఇవ్వకూడదు. ఆటలో పరిచయమైనవాడు "వాట్సాప్‌లోకి రా" అన్నాడంటే ఆ క్షణమే ఇంట్లో చెప్పాలి.

ఇక డబ్బు సంగతి. యూపీఐ పిన్ను పిల్లల ముందు నొక్కకండి. ప్లే స్టోర్లో ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డు అడిగేలా పెట్టుకోండి. ఆట తాలూకు డబ్బులు ఉచితంగా ఇస్తామంటూ వచ్చే లింకులు నొక్కొద్దని, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పండి.

ఇవన్నీ ఒక ఎత్తు, చివరిది ఒక ఎత్తు. "ఏం జరిగినా సరే, వచ్చి చెబితే తిట్టను, కొట్టను, ఫోను లాక్కోను" అని పిల్లలకి మాటిచ్చాం. అన్నంత తేలిక కాదండీ నిలబెట్టుకోవడం. మొన్న మావాడు ఎవడో లింకు పంపితే నొక్కానని వచ్చి చెప్పాడు. నోటిదాకా వచ్చిన కేకని మింగి, పాస్‌వర్డు మార్చి, ఊరుకున్నాను. ఆ రోజు నేను అరిచి ఉంటే రెండోసారి వచ్చి చెబుతాడా?

బాపట్ల పిల్ల మళ్ళీ ఆటలోకి రావడానికి నెల పట్టింది. ఇప్పుడు ఆ నాలుగో స్థానం నాది! నవ్వకండి. గొడుగేసుకుని దిగిన రెండు నిమిషాలకే నన్ను ఎవరో ఒకరు చంపేస్తారు. "అమ్మా, నువ్వు ఆ చెట్టు వెనకే ఉండు" అని మావాడు, "అత్తా, పరిగెత్తు" అని ఆ పిల్ల ఒకటే అరుపులు. గెలుపు సంగతి దేవుడెరుగు, ఆ పిల్ల నవ్వు మళ్ళీ వింటున్నాను.

ఈ సాయంత్రం మీరూ పిల్లాడి పక్కన కూర్చోండి. తిట్టడానికి కాదు. "మీ జట్టులో ఎవరెవరున్నార్రా?" అని మాటవరసకి అడిగినట్టు అడగండి. ఒక్కొక్కరి పేరూ, ఊరూ చెప్పించుకోండి. ఎక్కడ తడబడతాడో చూడండి.