చీలమండకి ఎంత శాతం?

తెలుగులో మడమకి ఉన్న గౌరవం చీలమండకి లేదు. వెనకడుగు వెయ్యనివాణ్ణి మడమ తిప్పనివాడంటాం. చీలమండని మాత్రం కాలు మెలికపడ్డప్పుడే తలుచుకుంటాం. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు కూడా. మడమ అంటే పాదం వెనక నేలకి ఆనే భాగం. చీలమండ అంటే పాదమూ పిక్కా కలిసేచోట రెండు పక్కలా బుడిపెల్లా కనిపించే కీలు. బీఏలో తెలుగు చదివాను కాబట్టి ఇంత పట్టింపు అనుకోకండి. మా ఇంట్లో ఏడేళ్ళపాటు ఈ ఒక్క కీలు గురించే ఉత్తరాలు నడిచాయి.

మా ఆయన 1993లో సైన్యంలో చేరారు. 24 ఏళ్ళు చేసి 2017లో హవల్దారుగా ఇంటికొచ్చారు. 2004లో గస్తీ ముగించుకుని కొండ దిగుతుంటే రాయి జారి కుడి చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది గానీ కీలు మునుపటిలా లేదు. మెడికల్ కేటగిరీ తగ్గించారు. సైన్యంలో ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే అయిదక్షరాల లెక్కలో చూస్తారు. అందులో ‘ఏ’ కాళ్ళకీ చేతులకీ సంబంధించినది. చేరినప్పుడు అన్నీ ఒకటో నంబరే. విరిగాక ఆ ‘ఏ’ దగ్గర అంకె మారింది.

కోనసీమలో చీలమండ బాగోలేని మనిషికి సుఖం లేదండి. సిమెంటు రోడ్డు మీద బాగానే నడుస్తారు, చూసేవాళ్ళకి ఏమీ తెలియదు. కొబ్బరితోటలోకి దిగితే తెలుస్తుంది. బోదెలు దాటాలి. రేవు మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. వానాకాలంలో గట్లు జారతాయి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభల్ని కౌశికలోంచి, వరిచేలలోంచి భుజాల మీద మోసుకొస్తారు కదా. సెలవు దొరికిన ఏడల్లా ఆయనా భుజం పెట్టేవారట. రిటైరై వచ్చాక మొదటి సంక్రాంతికి గట్టు మీదే నిలబడ్డారు. “ఏం బావా, మిలిటరీ తిండి తిని బరువెక్కావా?” అని ఎవరో అంటే నవ్వేశారు తప్ప కాలు సంగతి చెప్పలేదు.

రిటైరయ్యేముందు మెడికల్ బోర్డు పరీక్ష చేసి 20 శాతం వైకల్యం అని రాసింది. అయితే అది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు, వయసుతో వచ్చిన అరుగుదల అంది. దాంతో వైకల్య పింఛను ఇవ్వడం కుదరదని ఉత్తరం వచ్చింది. ఆర్నెల్లలో అప్పీలు చేసుకోవచ్చని కింద ఒక లైను. ఆయన దాన్ని ట్రంకుపెట్టె అడుగున పెట్టేశారు.

“మామూలు పింఛను వస్తోంది కదే. కాళ్ళు పోయినవాళ్ళని చూశాను నేను. ఈ నొప్పికి డబ్బడగాలంటే సిగ్గుగా ఉంది” అన్నారు.

“వాళ్ళ లెక్క వాళ్ళది, మీ లెక్క మీది. అందుకేగా శాతాలు పెట్టారు?” అన్నాను.

మా అత్తయ్య అంతా విని, “వయసు వల్ల అయితే ఎడంకాలు ఏమన్నా చిన్నపిల్లా? దానికీ అంతే వయసు కదరా!” అంది. లాయరుగారు తర్వాత చెన్నైలో చెప్పిన వాదన కూడా దాదాపు ఇదే. కాకపోతే ఆవిడ ఫీజు తీసుకోలేదు.

ఈ వ్యవహారంలో ప్రాణమంతా రెండు మాటల్లో ఉంది. ఒకటి ‘ఎట్రిబ్యూటబుల్’, అంటే సర్వీసు వల్ల కలిగినది. రెండోది ‘ఎగ్రవేటెడ్’, అంటే వేరే కారణంతో మొదలైనా సర్వీసు వల్ల ముదిరినది. రెంట్లో ఏదో ఒకటి ఉండాలి. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. నూటికి నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు, తక్కువైతే ఆ లెక్కన తగ్గుతుంది. జీతం 40,000 అనుకుంటే నూరు శాతానికి 12,000. ఇరవై శాతానికి 2,400 అన్నమాట. అయితే 50 కన్నా తక్కువున్న శాతాన్ని 50గా లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. అప్పుడది 6,000 అవుతుంది. ఈ పద్ధతి మొదట ఆరోగ్యం బాగోలేక మధ్యలో పంపేసినవాళ్ళకే ఉండేది. పూర్తి సర్వీసు చేసి వచ్చినవాళ్ళకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో చెప్పింది.

అంతకుముందు 2013 జూలైలో ధరంవీర్ సింగ్ కేసు తీర్పు వచ్చింది. ఆయనకి మూర్ఛ వ్యాధి, 20 శాతం వైకల్యం. చేరేటప్పుడు జబ్బున్నట్టు రాయకపోతే అది సర్వీసులో వచ్చినట్టే భావించాలని, కాదనేవాళ్ళే కారణం చూపించాలని కోర్టు అంది. మా ఆయన చేతిలో ఈ కాగితం పెట్టాక గానీ ఆయన పెట్టె తియ్యలేదు.

కాకినాడలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి ఏమేం జతచెయ్యాలో అడిగి తెలుసుకున్నాం. దెబ్బ తగిలినప్పుడు రాసిన ఇంజురీ రిపోర్టు, ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పు, కేటగిరీ తగ్గించిన కాగితాలు, ఆఖరి బోర్డు నకలు. అన్నీ తారీఖుల వరసలో ఒక నోటుబుక్కులో రాస్తానని కూర్చున్నాను. “2004లో ఆ రోజు ఏం జరిగింది?” అని అడిగాను.

అప్పుడు నేను మా పెద్దదాన్ని కడుపుతో ఉన్నాను. ఫోనులో “కాస్త బెణికింది” అన్నారంతే. పదమూడేళ్ళ తర్వాత, వంటింటి గడప మీద కూర్చుని మొత్తం చెప్పారు. పడ్డాక చీకటిపడేదాకా అక్కడే ఉన్నారట. తోటి జవాను ఒకతను వీపు మీద ఎక్కించుకుని దింపాడట. దారిలో ఇద్దరూ రెండుసార్లు పడ్డారట. నేను రాసుకోవడం ఆపేశాను. ఆయన మాత్రం, “రాయి, తారీఖు కరెక్టుగా రాయి” అన్నారు.

మొదటి అప్పీలు 2019లో, రెండోది 2021లో కొట్టేశారు. 2022లో ట్రిబ్యునల్‌కి వెళ్ళాం. సైనికుల కేసుల కోసమే 2007లో చట్టం చేసి పెట్టిన ట్రిబ్యునల్ ఇది. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికొస్తుంది. అమలాపురానికి రైలు లేదు కదా, రాజమండ్రి దాకా బస్సులో వెళ్ళి రైలెక్కేవాళ్ళం. 2024లో మాకు అనుకూలంగా వచ్చింది. ఆ దెబ్బే ఈ అరుగుదలకి మూలమని ఒప్పుకుని, 20ని 50 చేసి, రిటైరైన నాటి నుంచి ఇమ్మన్నారు.

“నడుస్తున్నాడుగా, వికలాంగుల పింఛనేంటి?” అన్నవాళ్ళున్నారు. ఇదివరకైతే ఆయన తలదించుకునేవారు. ఇప్పుడు ఎక్కడ విరిగిందో, ఎవరు మోసుకొచ్చారో చెబుతున్నారు. డబ్బుతో మొదట చీలమండకి పట్టీ, మంచి బూట్లు కొన్నాం. మిగతాది పెద్దదాని చదువుకి.

మీ ఇంట్లోనో పుట్టింట్లోనో సైన్యంలో పనిచేసినవాళ్ళుంటే ఆ ట్రంకుపెట్టె ఒకసారి తీయించండి. మెడికల్ కాగితాలు విడిగా పెట్టి రెండేసి జిరాక్సులు తీయించండి. ఉత్తరం మీద తారీఖు చూడండి. ఆలస్యమైనా దారులు పూర్తిగా మూసుకుపోవు గానీ, చాలా కేసుల్లో బకాయిలు వెనక్కి మూడేళ్ళకే ఇచ్చారు. 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చినవాళ్ళకి వేరే రూల్సు ఉన్నాయి, అవి కనుక్కోండి. అన్నిటికంటే ముందు, ఆ దెబ్బ ఎలా తగిలిందో మనిషిని కూర్చోబెట్టి అడగండి. కేసు గెలిచినా గెలవకపోయినా, అది ఇంట్లోవాళ్ళకి తెలియాల్సిన సంగతి.