పిల్లల్ని బండి ఎప్పుడు ఎక్కించాలి?

పెళ్ళికి వెళ్ళాలన్నా, ఆదివారం ఆరాధనకు వెళ్ళాలన్నా, జ్వరం వచ్చిన పిల్లను మండల కేంద్రంలోని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా మా వంటి పల్లెటూరి కుటుంబాలకు ఉన్న వాహనం మోటారు సైకిలు ఒక్కటే. మా ఊరికి బస్సు రోజుకు మూడుసార్లు వస్తుంది, అదీ వచ్చిన రోజున. కనుక "పిల్లల్ని అసలు బండి ఎక్కించవద్దు" అని పట్నంలో ఎవరైనా సలహా చెబితే అది మాకు పనికివచ్చే సలహా కాదు. ఎప్పుడు ఎక్కించాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎంత దూరం తీసుకుపోవాలి అన్నవే మా ప్రశ్నలు. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో చాలామందికి ఇవే ప్రశ్నలు ఉంటాయని తలచి, మా ఇంట్లో మేమిద్దరం ఎలా తేల్చుకున్నామో రాస్తున్నాము.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. చిన్నదానికి మొన్ననే అయిదు నిండాయి. మాలో ఒకరు బండి నడుపుతారు, మరొకరు వెనక కూర్చుంటారు. పిల్లల విషయంలో మొదట్లో మా ఇద్దరి ఆలోచన ఒకటి కాదు. నడిపేవారికి ముందున్న రోడ్డే కనబడుతుంది గనుక "మెల్లగా పోదాం, ఏమీ కాదు" అనిపిస్తుంది. వెనక కూర్చున్నవారికి సంగతి వేరు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చున్నప్పుడు ఒడిలో కూరగాయల సంచి ఉంటేనే, గుంత వచ్చిన ప్రతిసారీ సంచిని పట్టుకోవాలో బండిని పట్టుకోవాలో తెలియదు. ఆ సంచి ఉన్నచోట చంటిబిడ్డ ఉంటే ఏ చెయ్యి వదలాలి? పెద్దవాడు కడుపులో ఉండగానే ఈ ప్రశ్న మా ఇంట్లో వచ్చింది. జవాబు వెనక సీటు నుంచే వచ్చింది. మెడ నిలవని బిడ్డ మా బండి ఎక్కదని అప్పుడే అనుకున్నాము. అయిదో నెలలో పుట్టింటి నుంచి తల్లినీ బిడ్డనూ తీసుకురావడానికి ఆటో మాట్లాడుకున్నాము. ఆ కిరాయి ఎంతయిందో పిల్లల నాయనమ్మ ఊళ్ళో చాలా రోజులు చెప్పుకుంది.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవడం మంచిది. 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం బండి నడిపేవారు తమతో ఒక్కరినే ఎక్కించుకోవాలి. ఆ ఒక్కరూ నడిపేవారి వెనుక బిగించి ఉన్న సీటు మీదనే కూర్చోవాలి. పిల్లలను ఆ లెక్కలోనుంచి తీసివేసిన మాట అందులో లేదు. అంటే పెట్రోలు ట్యాంకు మీద ఒకడు, మధ్యలో ఒకతె, వెనక తల్లి కూర్చుని వెళ్ళడం మనం రోజూ చూసేదే గాని చట్టం ఒప్పుకున్నది కాదు. ట్యాంకు మీద కూర్చోబెడితే పిల్లవాడు కళ్ళ ముందే ఉంటాడని కొందరు తండ్రులు అంటారు. కళ్ళ ముందు ఉండే మాట నిజమే. కాని గట్టిగా బ్రేకు వేస్తే తండ్రి బరువంతా వెనకనుంచి వాడి మీద పడుతుంది, ముందు హ్యాండిలు ఉంటుంది. ఆ రెంటి మధ్య వాడు ఉంటాడు.

2019లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు, తలపాగా ధరించే సిక్కులకు తప్ప, నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బండి మీద హెల్మెట్ తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళ లోపు పిల్లల నిమిత్తం 2022 ఫిబ్రవరిలో వేరే నిబంధన ప్రకటించారు. అది 2023 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బిడ్డకు చొక్కాలాగ తొడిగి, పట్టీలను నడిపేవారి భుజాలకు తగిలించుకునే బెల్టు ఒకటి ఉండాలి. అది 30 కిలోల బరువు వరకు ఆపగలగాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి. బండి గంటకు 40 కిలోమీటర్లు మించి పోకూడదు. బిడ్డను తువ్వాలుతోనో చున్నీతోనో తండ్రి నడుముకు కట్టుకోవడం మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. కట్టుకోవాలన్న ఆలోచన మంచిదే, తువ్వాలు మాత్రం ఆ పనికి చాలదు. అది నడుము దగ్గర బిగుస్తుంది గాని భుజాలను పట్టదు. బిడ్డ నిద్రపోతే పైసగం పక్కకు వాలిపోతుంది.

అయితే చట్టం వయసు చెప్పగలదు గాని, మీ పిల్లవాడి పాదం ఫుట్‌రెస్టుకు అందిందో లేదో చెప్పలేదు గదా. అది ఇంట్లో చూసుకోవలసిందే.

పెద్దవాడికి ఆరేళ్ళు నిండినప్పుడు ఒక మధ్యాహ్నం వాకిట్లో బండికి డబుల్ స్టాండు వేసి వాణ్ణి వెనక కూర్చోబెట్టాము. కాలివేళ్ళు మాత్రమే ఫుట్‌రెస్టుకు తగిలాయి. దించేశాము. వాడు ఏడ్చాడు. ఎదురింటి పిల్లవాడు వాడికంటే చిన్నవాడు, రోజూ బండి మీద పోతున్నాడు మరి. కాని వేలాడే పాదం ఎక్కడికి పోతుందో ఆలోచించండి. చక్రం కమ్మీల్లోకి పోతుంది, లేకపోతే కాలే సైలెన్సరు మీదికి పోతుంది. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి కమ్మీ, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రం సగమైనా కప్పే కవచం ఉండాలని 1989 నాటి కేంద్ర నియమాల్లోనే ఉంది. చీర గార్డు అని మనం పిలిచేది దాన్నే. బండి అందం పోతుందని కొత్త బండికి దాన్ని విప్పించేసే కుర్రవాళ్ళను చూస్తూనే ఉన్నాము. పెళ్ళయ్యాక మళ్ళీ బిగించుకుంటారేమో! గార్డు ఉన్నా దాని సందుల్లోంచి చిన్న పాదం దూరుతుంది గనుక, మోకాలు వంగి అరికాలు పూర్తిగా ఆనాలన్నదే మా మొదటి నియమం. అది పెద్దవాడికి ఏడున్నర ఏళ్ళకు గాని కుదరలేదు.

రెండోది చేతులు. చొక్కా పట్టుకోవడం పట్టుకోవడం కాదు. చొక్కా సాగుతుంది, చిరుగుతుంది. రెండు చేతులూ నడుము చుట్టూ వేసి పట్టుకోవాలి.

మూడోది మాట వినడం. ఇది కాళ్ళూ చేతుల కంటే ఆలస్యంగా వస్తుంది. ఆగి ఉన్న బండి మీదనే పది నిమిషాలు చేతులు వదలకుండా కూర్చోమన్నాము. మూడు నిమిషాలు బాగానే ఉన్నాడు. ఇంతలో పక్కింటి కుక్కపిల్ల వచ్చింది, చెయ్యి వదిలి దాన్ని పిలిచాడు. మళ్ళీ వారం, ఆ పై వారం ఇదే ఆట ఆడించాము. బండి పూర్తిగా ఆగి, "దిగు" అన్న తరువాతనే దిగాలి. చాలా బండ్లకు సైలెన్సరు కుడివైపున ఉంటుంది గనుక ఎక్కడమూ దిగడమూ ఎడమవైపు నుంచే చేయాలి. మలుపులో బండి ఒరిగితే భయపడి రెండోవైపుకు లాగకూడదు. ఇవన్నీ వాడికి వాకిట్లోనే నేర్పాము. తరువాత మొదటి నెల చెరువుగట్టు దాకా, ఆ తరువాత నాలుగు కిలోమీటర్ల దూరంలోని వాడి బడి దాకా తీసుకుపోయాము. బడి సంచి వాడి వీపున ఉంచము. అది వాణ్ణి వెనక్కి లాగుతుంది, నడిపేవారే ముందువైపు పెట్టుకుంటారు.

హెల్మెట్ దగ్గర మన ఇళ్ళలో ఒక చిక్కు ఉంది. పిల్లలకు ఏది కొన్నా రెండేళ్ళు రావాలని ఒక సైజు పెద్దది కొంటాము. చొక్కా అయితే మడత పెట్టి కుట్టవచ్చు, చెప్పులో దూది పెట్టవచ్చు. హెల్మెట్‌కు అది పనికిరాదు. వదులుగా ఉన్న హెల్మెట్ అవసరమైన క్షణంలో తలమీద ఉండదు. దర్జీ టేపుతో కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ కొలిచి, ఆ కొలతకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది కొన్నాము. పట్టీ బిగించాక తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతోబాటే తిరగాలి. ఆడపిల్లలున్నవారు ఇంకొకటి గమనించాలి. పైకి ఎత్తి కట్టిన రెండు జడల మీద హెల్మెట్ కూర్చోదు, జడలు కిందికి వేయాలి. పూలు దిగాక పెట్టుకోవచ్చు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ పెట్టుకోకుండా ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనక కూర్చున్నవారు.

ఇన్ని చూసుకున్నా పిల్లలు నిద్రపోతారు. గాలి ముఖానికి తగిలితే పెద్దవాళ్ళకే కళ్ళు మూతలు పడతాయి. మావాడి హెల్మెట్ వీపుకు ఒకసారి టక్కున తగిలితే బండి ఆపేస్తాము, దింపి నీళ్ళు తాగిస్తాము, కాసేపు నడిపిస్తాము. వాడు నిద్రపోయే వేళకు బండి ప్రయాణమే పెట్టుకోము. క్రిస్మస్ ముందు రాత్రి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలకు వెళితే తెల్లవారేదాకా చర్చి దగ్గర చుట్టాల ఇంట్లో చాప వేసుకుంటాము. కోతల రోజుల్లో మరీ జాగ్రత్త. రోడ్డు మీద ధాన్యమో మొక్కజొన్నలో ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో రాయీ కనబడదు, గింజల మీద చక్రం జారుతుందనీ తెలియదు. ఆరబోసేవాళ్ళూ మనవాళ్ళే గనుక ఏమీ అనలేము, కళ్ళం లేనివారు మరి ఎక్కడ పోసుకుంటారు?

ఇక బంధువుల సంగతి. కిందటి వేసవిలో ముప్ఫై కిలోమీటర్ల దూరంలో దగ్గరివాళ్ళ పెళ్ళి. పిల్లల మేనమామ తన బండి వేసుకుని వచ్చాడు. "బస్సు కోసం కూర్చుంటే పెళ్ళి అయిపోతుంది. పిల్లలిద్దర్నీ నా బండి ఎక్కించండి, చిన్నదాన్ని ముందు కూర్చోబెట్టుకుంటాను" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మేము వద్దన్నాము. పెద్దవాడు హెల్మెట్ పెట్టుకుని తండ్రి వెనక వస్తాడు, చిన్నదీ తల్లీ పదిన్నర బస్సుకు వస్తారు అని చెప్పాము. "మనమంతా ఇలాగే పెరగలేదా అక్కా? మీ ఒక్కరికే పిల్లలున్నారా బావా?" అన్నాడు. నాయనమ్మ కూడా అతని పక్షమే. "దేవుడు చూసుకోడా?" అంది.

ఆమె మాటకు మేము ఎదురు చెప్పలేదు. కాని మనసులో అనుకున్నదేమంటే, కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండంలో ఉంది. పైకి ఎక్కినవాళ్ళను దేవుడు చూసుకోడు గనుక ఆ ఆజ్ఞ ఇచ్చాడని ఎవరూ అనరు.

బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. తల్లీ కూతురూ చేరేసరికి ప్రమాణాలూ ప్రార్థనా అయిపోయి, పందిట్లో విస్తళ్ళు వేస్తున్నారు. "వీళ్ళు చట్టం చదువుకుని వచ్చారు" అని మేనమామ నలుగురిలో నవ్వుతూ అన్నాడు, తరువాత రెండు నెలలు మా గడప తొక్కలేదు. ఇప్పుడు వస్తున్నాడు గాని బండి మాట ఎత్తితే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. ఇటువంటి మాట పడవలసి వస్తుందని తెలిసే, ఎవరు ఎప్పుడు ఎక్కాలో మేము ముందుగా ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాము. ప్రయాణపు హడావిడిలో, బండి స్టార్టు చేసి చుట్టాలు పిలుస్తుండగా ఆలోచించడం మొదలుపెడితే తల్లిదండ్రుల నోట "సరే" తప్ప మరో మాట రాదు.

రాత్రివేళ చిన్నదానికి జ్వరం వస్తే ఏమి చేస్తారని మమ్మల్ని అడిగినవారున్నారు. ఊళ్ళో ఇద్దరు ఆటోవాళ్ళ నంబర్లు గోడమీద రాసి ఉన్నాయి, ప్రాణం మీదికి వస్తే 108 ఉంది. ఆటోలు భద్రమని మేము చెప్పడం లేదు. పన్నెండు మందిని కుక్కిన షేరు ఆటో కంటే మా బండే నయం. ఆ రాత్రి ఆటో మా ఒక్కళ్ళకే మాట్లాడుకుంటాము. డబ్బు ఖర్చవుతుంది. దాని కోసం పోపుల డబ్బా వెనక ఒక చిన్న డబ్బాలో విడిగా దాచి ఉంచాము, దాన్ని వేరే దేనికీ ముట్టుకోము.

చిన్నదాని బడి ఊళ్ళోనే గనుక దానికి బండి అవసరం రోజూ లేదు. కోరిక మాత్రం రోజూ ఉంది. నెలకొకసారి డబుల్ స్టాండు వేయించి, అన్న హెల్మెట్ తలమీద తిరుగుతుండగా ఎక్కి కూర్చుంటుంది. దాని అరికాలికీ ఫుట్‌రెస్టుకూ మధ్య అన్న చెయ్యి పెట్టి కొలుస్తాడు. వాడి లెక్క ప్రకారం ఇంకా ఎనిమిది వేళ్ళ ఎడం ఉంది. ఆరే అని అది వాదిస్తుంది.