పట్టుకునేవాడి కళ్ళు

నేను పదో తరగతి రాసిన ఏడు వేరుశనగ చేతికి రాలేదు. మా తాండాలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. కొందరు బెంగళూరు పోయారు, కొందరు కేరళ పోయారు. మా బా నన్ను మాత్రం కదిరిలో ఒక వెల్డింగ్ షాపులో చేర్చాడు. "కూలికి పోతే కూలీగానే ఉండిపోతావు, పని నేర్చుకో" అన్నాడు.

కరువు ఏడాది మా వైపు వెల్డింగ్ షాపులకు పని ఎక్కువ. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వానే సగటున 550 మిల్లీమీటర్లు. అదీ తప్పితే ఊరూరికీ నీళ్ళ ట్యాంకర్లు తిరగాలి. కారే ట్యాంకర్లకు అతుకులు వేయాలి, బోరు పైపులు కోసి అతకాలి.

నా పని పట్టుకోవడం. మేస్త్రీ రాడ్డు అంటించేటప్పుడు ఇనుము కదలకుండా పట్టుకోవాలి. ఆయన చేతిలో నల్లద్దం ఉన్న షీల్డు ఉండేది, నాకు లేదు. "కళ్ళు మూసుకోరా నాయకా" అనేవాడు. నా పేరు ఎప్పుడూ అడగలేదు. కళ్ళు మూసుకుంటే ఇనుము జరిగేది, తిట్లు పడేవి. అందుకని ఓరగా చూసేవాణ్ణి.

ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టయింది. మా యాడి పక్కింటి బాలింతను లేపి చనుబాలు చుక్కలు వేయించింది. తెల్లారేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను. తర్వాత ఐటిఐలో వెల్డర్ ట్రేడు చదివినప్పుడు సంగతి తెలిసింది. ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. నొప్పి వెంటనే రాదు, కొన్ని గంటలకు వస్తుంది. అందుకే పగలు ఏమీ కాలేదనుకుంటాం. ఆ కళ్ళలో పాలూ పసర్లూ పోయకూడదు, డాక్టరుకు చూపించాలి. మా యాడి తప్పేం లేదు. ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

జిఐ పైపులు అతికిన ఒక సాయంత్రం చలిజ్వరం వచ్చింది. మలేరియా అనుకున్నాం. అది పైపు మీది జింకు పూత కాలి లేచిన పొగ వల్ల వచ్చింది. పాలు తాగి బెల్లం తింటే పోతుందని షాపులో అనేవారు. పాలు పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. అతికే చోట పూత గీకేయాలి, ఆరుబయట పని చేయాలి, పొగ మొహానికి కొట్టకుండా గాలివాటం చూసుకోవాలి. వెల్డింగ్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది.

అన్నిటికంటే భయపడింది ట్యాంకరు లోపల. మే నెల. ఒళ్ళంతా చెమట, కూర్చున్నదీ ఇనుమే. రాడ్డు మారుస్తుంటే షాక్ కొట్టి చేయి హోల్డరును వదల్లేదు. మూత దగ్గర నిలబడిన ఇంకో హెల్పరు చూసి స్విచ్చి ఆపాడు. మిషన్ నుంచి రాడ్డుకు వచ్చేది వంద వోల్టుల లోపే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. తడి ఒంటికి, ఇనుప గదిలో అది చాలు ప్రాణం తీయడానికి. పొడి తోలు గ్లవుజులు, కింద పొడి చెక్క, బయట ఒక మనిషి లేకుండా ట్యాంకరులోకి దిగవద్దు.

గ్యాస్ వెల్డింగ్‌కు దాని ప్రమాదాలు వేరు. నల్ల సిలిండరు ఆక్సిజన్‌ది, దాని దగ్గరికి నూనె చేయి పోకూడదు. మెరూన్ రంగుది ఎసిటిలిన్, దాన్ని పడుకోబెట్టి వాడకూడదు. ఖాళీ అనుకున్న డీజిల్ డ్రమ్ములో ఆవిరి మిగిలి ఉంటుంది. ఏ వెల్డింగైనా దాని మీద రవ్వ పడితే పేలుతుంది.

తాండా పిల్లలు ఈ పనిలోకి పోయేది ముందు హెల్పర్లుగానే. షీల్డు మేస్త్రీకి ఉంటుంది, వెలుగు మాత్రం ఇద్దరి మీదా పడుతుంది. పంతుళ్ళు ఐటిఐకి పంపేటప్పుడు ఈ మాట చెప్పి పంపాలి. తమ్ముళ్ళారా, రెండో షీల్డు అడగడం పిరికితనం కాదు. దాని ఖరీదు ఒక రోజు కూలి కంటే తక్కువే.

ఇప్పుడు నా షాపులో మేకుకు రెండు షీల్డులు వేలాడుతుంటాయి. మొన్న సెలవుల్లో మా మేనల్లుడు వస్తే పైపు కంటే ముందు షీల్డు చేతికిచ్చాను. మొహానికి పెట్టుకుని, "మామా, ఏమీ కనపడలే" అన్నాడు.

"ఉండప్పా, రాడ్డు అంటించినాక కనపడుతుంది" అన్నాను.