అవ్వ ఆగిన చోట

పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి. ఈసీఈ, ఈఈఈ చదివేవాళ్లు మాత్రం తీరిక చేసుకుని చదవండి, పని మీతోనే ఉంది.

ఆటోలో ఎఫ్ఎం పెట్టుకుని పోతా ఉంటాం. ఎప్పటిదో పాత పాట, నిన్న మొన్న వచ్చిన పాట, మధ్యలో యాంకర్ మాటలు, నగల షాపు ప్రకటన. అన్నీ ఒకే ఎత్తులో వినిపిస్తాయి. డ్రైవరన్న వాల్యూమ్ ముట్టుకోడు. అదే ఫోన్లో వచ్చిన వాయిస్ మెసేజీలు వరసగా వినండి. ఒకటి చెవి పగలగొడుతుంది, ఇంకోటి చెవికి ఆనించుకున్నా వినపడదు. ఈ తేడాకు కారణం స్టూడియోకూ ట్రాన్స్‌మిటర్‌కూ నడుమ కూర్చున్న ఒక పెట్టె. ఆడియో ప్రాసెసర్ అంటారు. పేరు విన్నోళ్లు తక్కువ, దాని పని విననోళ్లు లేరు.

మాకు దీంతో పరిచయం ఎట్లా అయిందంటే, ఏర్పేడు చుట్టుపక్కల కాలనీల నుంచి మేము నలుగురం మా పెద్దోళ్ల మాటలు రికార్డు చేసి ఒక కమ్యూనిటీ రేడియోకు ఇస్తా వచ్చినాం. ఇద్దరం యానాదులం, ఒక ఎరుకల అమ్మాయి, ఒక సుగాలి అబ్బాయి. ఆ రేడియో పేరు ఈడ వద్దు. అక్కడి ఇంజనీరన్న మాత్రం ఏదడిగినా విసుక్కోకుండా చెప్పే మనిషి. మాకు తెలిసిందాంట్లో సగం ఆయన చెప్పిందే, మిగతా సగం పుస్తకాల్లో వెతుక్కున్నది.

ఎఫ్ఎంలో మన గొంతు ఎంత గట్టిగా ఉంటే ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీ అంత దూరం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు హద్దుంది, 75 కిలోహెర్ట్జ్. దాటితే పక్క స్టేషన్ మీద పడతాం, మన శబ్దం కూడా చీలిపోతుంది. ముందురోజుల్లో ఈ హద్దును మనిషే కాసేవాడు. కంట్రోల్ రూములో ముల్లు ఊగే మీటరు చూసుకుంటా, గొంతు పెరిగితే చేత్తో తగ్గించి, తగ్గితే పెంచి. మనిషి చెయ్యి ఎంత చురుకైనా ఒక్కసారిగా వచ్చే కేకను పట్టుకోలేదు. అందుకని మిషన్లు వచ్చినాయి. 1975లో అమెరికాలో రాబర్ట్ ఆర్బన్ అనే ఇంజనీరు ఆప్టిమాడ్ అనే పెట్టె తెచ్చినాడు. శబ్దం ఎత్తు సరిచేసే పనినీ, స్టీరియో సిగ్నల్ తయారుచేసే పనినీ ఒకే పెట్టెలో కలిపినాడు. ఇప్పటికీ ఆ పేరుతో పెట్టెలు వస్తానే ఉండాయి. కొత్తవి మన డబ్బుల్లో లక్షల్లో ఉంటాయి.

లోపల జరిగేది ఒక వరస. మొదట మెల్లగా పనిచేసే ఏజీసీ. ఇది కొన్ని సెకన్ల మీద చిన్న గొంతును లేపుతుంది, పెద్ద గొంతును దించుతుంది. తర్వాత కంప్రెసర్. శబ్దాన్ని బొంగురుగా ఉండే కింది భాగం, మధ్య భాగం, సన్నగా ఉండే పై భాగం అని విడదీసి దేనికదే అణుస్తుంది. ఆఖర్న లిమిటర్. ఇది గేటు కాడ వాచ్‌మ్యాన్ లాంటిది, హద్దు దాటబోయేదాన్ని మిల్లీసెకన్లలో పట్టి నొక్కేస్తుంది. 15 కిలోహెర్ట్జ్ పైన ఏమున్నా కోసేస్తారు, ఎందుకంటే 19 దగ్గర స్టీరియో గుర్తు సిగ్నల్ ఉంటుంది, దాన్ని ఏదీ తాకకూడదు.

ఇంకొక మెలిక ఉంది, మా అవ్వ కథకు అదే ముఖ్యం. ఎఫ్ఎంలో ‘సర్’మనే రొద సన్నటి శబ్దాల దగ్గరే ఎక్కువ. అందుకని స్టేషన్‌లో ఆ సన్నటి శబ్దాలను కావాలని పెంచి పంపుతారు, రేడియో సెట్టు మళ్లీ అంతే తగ్గించుకుంటుంది. తగ్గించేటప్పుడు దాంతోపాటు రొద కూడా తగ్గుతుంది. తెలివైన ఉపాయం. ప్రీ-ఎంఫసిస్ అంటారు. మన దేశంలో 50 మైక్రోసెకన్ల లెక్క, అమెరికాలో 75. మన లెక్కలో 3 కిలోహెర్ట్జ్ దాటినంక 3 డెసిబెల్స్ ఉండే పెంపు, 15 దగ్గరికి వచ్చేసరికి 13.7 డెసిబెల్స్ అవుతుంది. అంటే దాదాపు అయిదు రెట్లు. మన మాటల్లో సన్నటి శబ్దాలు ఏవి? స, శ, ష, చ.

అవ్వకు ముందరి పళ్లు రెండు లేవు. ‘సాయంత్రం’ అంటే ఈల వేసినట్టుంటాది. ఆ ఈలను ప్రీ-ఎంఫసిస్ ఇంకా పెంచుతుంది, లిమిటర్ ఉలిక్కిపడి నొక్కుతుంది, నొక్కేటప్పుడు దాంతోపాటు పక్కనుండే అక్షరాలు కూడా మునిగిపోతాయి. మొదటిసారి ప్రసారమైనప్పుడు ‘స’ వచ్చిన ప్రతిచోటా అవ్వ గొంతు నీళ్లలో మునిగి లేచినట్టు వినిపించింది. ఏరు పొంగే ముందు గట్టున చీమలు గుడ్లు మోసుకుని ఎటు పోతాయో, దాన్ని బట్టి గుడిసె సామాను ఎప్పుడు సర్దాల్లో చెప్తా ఉండాది ఆమె. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది గుర్తుందా? అప్పుడు కూడా ఆమె ముందే మూట కట్టింది. ఊరికే పొద్దుపోక చెప్పే మాటలు కావవి.

అంతకంటే విచిత్రం ఇంకోటి జరిగింది. అవ్వ గబగబా చెప్పే మనిషి కాదు. ఒక మాట చెప్పి ఆగుతుంది. మనం ఊ కొట్టాల. అప్పుడు రెండో మాట వస్తుంది. ఊ కొట్టకపోతే “నిద్రబోయినావా నాయినా” అంటాది. రికార్డింగప్పుడు మాలో ఒకడు పక్కన కూర్చుని ఊ కొట్టినాడు, మైకుకు దూరంగా, మెల్లగా. పచ్చి రికార్డింగులో అది సరిగ్గానే ఉంది, అవ్వ ముందర, వాడు వెనక. ప్రసారంలో ఏమైందంటే, అవ్వ ఆగిన వెంటనే ఏజీసీకి నిశ్శబ్దం కనిపించింది. నిశ్శబ్దమంటే దాని దృష్టిలో చిన్న గొంతు. లేపడం మొదలుపెట్టింది. వాడి ఊ అవ్వ గొంతంత అయింది. ఒకచోట ఊ తర్వాత ఇంకా ఎక్కువసేపు ఆగింది ఆమె, అప్పుడు ఎక్కడో గూడూరు లైను మీద పోతున్న రైలు ఇంట్లోకి వచ్చేసింది. కాలనీలో విన్నోళ్లు నవ్వినారు. “అవ్వ రైలెక్కి చెప్తా ఉండాదా ఏంది?” అని.

నవ్వు సంగతి అట్లుంచి, మేము నలుగురం దీని మీద గట్టిగానే వాదులాడుకున్నాం. ఒకడు, అసలు పెట్టె లేకుండా పంపమన్నాడు. మన గొంతు ఎట్లుందో అట్లే పోనీ అని. ఇంజనీరన్న ఒక్క ప్రశ్న వేసినాడు: “ఎట్లుందో అట్లే పంపితే శ్రీకాళహస్తి రోడ్డు మీద లారీల మధ్య ఆటోలో వినేవానికి ఆమె మాట ఒక్కటన్నా వినపడతాదా?” వినపడదు. ఆయన చెప్పింది నిజం. చిన్న గొంతును లేపి దూరం మోసేది ఆ పెట్టే. గట్టిగా అరిచే అలవాటు లేని మా ఇండ్ల మనుషులకు అది చేసే మేలు చిన్నది కాదు. ఎరుకల అమ్మాయి ఇంకో మాట అనింది, అయితే ఆగిన చోట్లు కోసేసి మాటలు మాత్రం అతికిద్దాం, అందరూ అదే చేస్తారు గదా అని. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నొక్కుతో నిశ్శబ్దాలన్నీ కత్తిరించొచ్చు. చేసి చూసినాం. అవ్వ వార్తలు చదివినట్టుంది. చీమల మాటకూ మూట మాటకూ నడుమ ఆలోచించుకునే జాగా పోయింది.

ఆ నిశ్శబ్దం ఖాళీ కాదని, అది వినేవాడి వంతు అని మిషన్‌కు తెలియదు. తెలియకపోవడం దాని తప్పూ కాదు. ఈ పెట్టెల్లో కంపెనీ నుంచే కొన్ని సెట్టింగులు నింపి వస్తాయి, ఎక్కువ భాగం పాటల కోసం. మాటల కోసం ఉన్నవి కూడా, గోడలకు దిండ్లు కట్టిన గదిలో, మైకు నోటి ముందు పెట్టుకుని, నిలపకుండా మాట్లాడే మనిషిని మనసులో పెట్టుకుని చేసినవి. చెట్టు కింద కూర్చుని, కోడి తిరుగుతా ఉంటే, ఊ కోసం ఆగి ఆగి చెప్పే మనిషి కోసం ఎవరూ చేయలేదు. వాళ్లకు మా అవ్వ తెలియదు గదా.

ఇంజనీరన్నా మేమూ కూర్చుని రెండు సాయంత్రాలు సెట్టింగులు మార్చినాం. ఏజీసీలో గేటు అని ఒకటుంటుంది. శబ్దం ఒక మట్టం కంటే కిందికి పడితే లేపడం మానేసి ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ మట్టాన్ని అవ్వ గొంతుకు కింద, రైలు రొదకు పైన పెట్టినాం. ఊ ఇప్పుడు వెనకనే ఉంటుంది. కంప్రెషన్ 2:1కి దించినాం, అంటే గుర్తు దాటి గొంతు 2 డెసిబెల్స్ పెరిగితే బయటికి 1 మాత్రమే వస్తుంది. ఈలకు మాత్రం ముందుగానే మందు వేసినాం: ‘స’ ఉండే పై భాగాన్ని మాత్రమే, అది వచ్చినప్పుడు మాత్రమే తగ్గించే డీ-ఎస్సర్. అప్పుడు లిమిటర్‌కు ఉలిక్కిపడే పని తప్పింది. స్టీరియో తీసేసి మోనోలో పంపమని అడిగినాం. ఒక మనిషి మాటకు రెండు పక్కలెందుకు? మోనోలో అయితే సిగ్నల్ బలహీనంగా ఉండే ఊళ్లలో రొద బాగా తగ్గుతుంది. కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే అనుమతి మామూలుగా 100 వాట్ల వరకే, అట్లాంటప్పుడు ఇది చిన్న లాభం కాదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, గాలి అందరిదీ అని చట్టం ఒప్పుకుని చాలా ఏండ్లయింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. ఆ బెంచిలో మన తెలుగాయన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకునే దారి తెరిచినారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది, నడిపేది పల్లెటూరి దళిత మహిళలు. మైకూ వాళ్లదే, మిక్సరూ వాళ్ల చేతుల్లోనే. మన దగ్గర మాట్లాడేవాళ్లున్నారు, మీటలు తిప్పేవాళ్లు లేరు. ఏర్పేడులో రోడ్డు దిగి కొంచెం దూరం పోతే ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. ఐఐటీలో 7.5 శాతం సీట్లు మనవే. సిగ్నల్ ప్రాసెసింగ్ అనే సబ్జెక్టు పాసైతే చాలనుకుని చదివే తమ్ముళ్లూ, ఈ గేటూ ఈ ఫిల్టరూ మీ సిలబస్‌లో ఉండేవే. లక్షల పెట్టె లేకపోయినా మామూలు కంప్యూటర్‌లో నేర్చుకోవచ్చు. ఆడాసిటీ ఉచితమే, కంప్రెసర్, లిమిటర్ అందులోనే ఉన్నాయి.

రికార్డు చేసేవాళ్లకు ఒక్క మాట. ప్రసారమైన కాపీని మాత్రమే దాచుకోవద్దు. ఒకసారి అణిచిన శబ్దాన్ని మళ్లీ సరిగ్గా విప్పలేం. పచ్చి రికార్డింగును వేవ్ ఫైలుగా, ఏమీ ముట్టుకోకుండా, రెండు చోట్ల పెట్టుకోండి. ఎరుకల భాషకు సొంత లిపి లేదు, యానాదోళ్ల మాటల్లో సగం ఏ నిఘంటువులోనూ ఎక్కలేదు. రేపు ఎవరైనా వెతికితే దొరికేది ఆ ఫైలే, అవ్వ ఈలతో సహా.

వచ్చే నెల ఎరుకల అమ్మాయి వాళ్ల నాయనమ్మ దగ్గర కూర్చుంటాం. ఆమె చెప్పేది వాళ్ల భాషలో. ఊ కొట్టే పని ఈసారి ఆ అమ్మాయిదే, మాకు యాడ కొట్టాల్లో తెలియదు కాబట్టి. మీలో ఎవరి దగ్గరన్నా గాలి రొదను ఆపే స్పాంజి తొడుగు ఉన్న మైకు ఉంటే రెండు రోజులకు ఇవ్వండి, భద్రంగా తిరిగిస్తాం.